పొదుపు ఎవరిది? పిసినారితనం ఎవరిది?

ఇంగ్లీషులో 'పార్సిమనీ' అనే మాట ఒకటుంది. నిఘంటువులు దానికి మితిమీరిన పొదుపు, లోభం, పిసినారితనం అని అర్థాలు చెబుతాయి. పరిశోధన చేసిన వాళ్లకి ఇదే మాట ఇంకోచోట, వేరే మర్యాదతో ఎదురవుతుంది. ఒక విషయాన్ని వివరించడానికి అవసరమైన దానికంటే ఎక్కువ ఊహలు చెయ్యకూడదు, తక్కువ సూత్రాలతో ఎక్కువ చెప్పగలిగేదే మంచి సిద్ధాంతం అనే నియమాన్ని 'ప్రిన్సిపుల్ ఆఫ్ పార్సిమనీ' అంటారు. 14వ శతాబ్దపు ఆకమ్ విలియం పేరు మీద చలామణీ అయ్యే 'కత్తి' ఇదే. నా సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతి మార్జిన్‌లో మా గైడుగారు ఒకచోట 'పార్సిమనీ బాగుంది' అని రాశారు. అది మెచ్చుకోలని నాకు వెంటనే అర్థమైంది. మరి ఇదే మాటని తెలుగు చేసి మా పల్నాడులో ఒక ఆడమనిషికి తగిలిస్తే తిట్టు ఎందుకవుతుంది? ఒకే గుణం ఒకరి దగ్గర పాండిత్యం, ఇంకొకరి దగ్గర అల్పత్వం ఎలా అవుతుంది?

ఇది ఇంగ్లీషు వాళ్ల సమస్య మాత్రమే కాదు. మన వ్యాకరణ శాస్త్రంలో దీన్ని లాఘవం అంటారు. సూత్రంలో అర మాత్ర తగ్గించగలిగినా వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని శాస్త్ర ప్రసిద్ధి. ఆ పోలికని ఒకసారి ఆగి చూడండి. మాటని పొదుపు చేసినందుకు కలిగే ఆనందాన్ని కొలవడానికి వాళ్లకి దొరికిన కొలమానం కొడుకు పుట్టడం! కూతురు పుట్టడాన్ని మన సమాజం ఏ పద్దులో రాసుకుందో మీకు చెప్పనక్కర్లేదు. అది ఖర్చు పద్దు. అంటే పొదుపు, దుబారా అనే మాటలు ఎప్పుడూ డబ్బు గురించి మాత్రమే కావు. ఎవరు లాభం, ఎవరు నష్టం అనే తీర్పు వాటిలో ముందే ఉంది.

ఇంగ్లీషు మాటల పుట్టుక చూస్తే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పిసినారికి వాడే 'మైజర్' లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం దీనుడు, దుఃఖితుడు. 'థ్రిఫ్ట్' అనే మాటకి వర్ధిల్లడం అనే అర్థమిచ్చే 'థ్రైవ్' బంధువు. 'ఎకానమీ' అంటే గ్రీకులో ఇంటి నిర్వహణ. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 'హజ్బెండ్' అనే మాట. అది నామవాచకంగా మొగుడు, క్రియగా వాడితే ఉన్నదాన్ని జాగ్రత్తగా, పొదుపుగా వాడుకోవడం. మరి 'హౌస్‌వైఫ్' సంగతి? ఆ మాట పాత రూపం నాలుకల మీద అరిగి అరిగి 'హస్సీ' అయింది. హస్సీ అంటే ఇప్పుడు సిగ్గులేని ఆడది. ఇల్లు నడిపే మగవాడి పేరు పొదుపుకి పర్యాయపదమైతే, ఇల్లు నడిపే ఆడదాని పేరు తిట్టయింది. ఈ రెండు మాటల ప్రయాణం మీద ఒక పితృస్వామ్య చరిత్రే రాయొచ్చు.

మన భాషకి వద్దాం. లోభి, లుబ్ధుడు, కృపణుడు సంస్కృతం నుంచి వచ్చాయి. పిసినారి, పిసినిగొట్టు, పీనాసి ఇంట్లో, వీధిలో వాడే మాటలు. పిసినారి, పీనాసి అనే మాటలకి లింగభేదం లేదు, ఆడా మగా ఇద్దరికీ అవే. కానీ సామెతలకి ఆ నిష్పాక్షికత లేదు. 'ఎంగిలిచేత్తో కాకిని తోలడు', 'పిల్లికి బిచ్చం పెట్టడు' అని మగవాడి గురించి అంటాం. వీటిలో ఎక్కువ భాగం నవ్వు, కొంచెం వెటకారం. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయి నింద మిగులుతుంది. 'అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు' అంటాం. ఆ అమ్మ దగ్గర పెట్టడానికి ఏమన్నా ఉందా అని సామెత అడగదు. ఇంకొకటి, 'అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు'. దాచింది అత్త, దాత అనే పేరు అల్లుడిది. నాకు తెలిసినంతలో ఆడవాళ్ల పొదుపు చివరికి ఏమవుతుందో ఇంత నిజాయితీగా చెప్పిన తెలుగు వాక్యం మరొకటి లేదు.

సాహిత్యంలో పిసినారి అనగానే మనకి గుర్తొచ్చేది మగవాడే. 1897లో అచ్చయి 1909లో కొత్త రూపం పొందిన 'కన్యాశుల్కం'లో గురజాడ ఆ పాత్రకి పేరే లుబ్ధావధాన్లు అని పెట్టారు. అంతకు రెండు శతాబ్దాల ముందు, 1668లో, మోలియేర్ ఫ్రెంచిలో హార్పగాన్ అనే లోభిని రంగస్థలం ఎక్కించాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం తెలుస్తుంది. హార్పగాన్ తన కూతుర్ని ఒక పెద్ద వయసువాడికి ఇవ్వడానికి సిద్ధపడతాడు, కారణం అతను కట్నం అడగకపోవడమే. లుబ్ధావధాన్లు ముసలితనంలో పసిపిల్లని డబ్బిచ్చి కొనుక్కోవడానికి బయల్దేరతాడు. ఒకడు పిల్లని వదిలించుకోవడంలో ఆదా చేస్తాడు, ఇంకొకడు పిల్లని తెచ్చుకోవడంలో బేరం ఆడతాడు. ఇద్దరి లోభానికీ పరీక్ష ఆడపిల్ల ధర దగ్గరే జరుగుతుంది. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పాత్రని తెలుగువాళ్లు మర్చిపోలేరు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే దృశ్యానికి ఇప్పటికీ నవ్వుతాం. అక్కడా కథ నడిచేది అతని కూతురి పెళ్లి చుట్టూనే.

ఈ హాస్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేను కూడా నవ్వాను. కానీ గమనించవలసింది ఒకటుంది. మగ పిసినారి సాహిత్యంలో ఒక వ్యక్తి. అతనికి పేరుంది, వింత అలవాట్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా అతనికి ఆస్తి ఉంది. అతని లోభం ఒక వ్యక్తిత్వం. ఆడ పిసినారికి ఈ భాగ్యం లేదు. అమెరికాలో హెట్టీ గ్రీన్ (1834-1916) అనే ఆవిడ పెళ్లికి ముందే తన ఆస్తిమీద భర్తకి హక్కులేకుండా రాయించుకుని, స్వయంగా పెట్టుబడులు పెట్టి, 1907 ఆర్థిక సంక్షోభంలో న్యూయార్క్ నగరపాలక సంస్థకే అప్పివ్వగలిగింది. అంతపని చేసిన మగవాళ్లని ఆర్థిక మేధావులన్నారు. ఆవిడని 'వాల్‌స్ట్రీట్ మంత్రగత్తె' అన్నారు. గిన్నిస్ పుస్తకం ఆవిడని లోకంలోకెల్లా పెద్ద పిసినారిగా నమోదు చేసింది. ఆవిడ అలవాట్లు విపరీతమైనవే కావచ్చు. కానీ 'మంత్రగత్తె' అనే మాట ఆ అలవాట్ల గురించి కాదు, డబ్బు తన చేతిలో ఉంచుకున్న ఆడదాని గురించి.

ఇక పల్నాడు. ఈ నేలకి తెలుగు సాహిత్యంలో రెండు బొమ్మలున్నాయి. ఒకటి పౌరుషం. మాచర్ల, గురజాల, కారెంపూడి, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు. రెండోది పేదరికం. ఈ రెండో బొమ్మ గీసినవాడు శ్రీనాథుడని చెప్పుకుంటాం. ఆయన పేరుమీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాడంటే నాపరాళ్లు, నాగులేటి నీళ్లు, సజ్జలు, జొన్నలు, తేళ్లు, పాములు. సన్నన్నానికి అలవాటుపడ్డ కవికి ఇక్కడి జొన్నకూడు, చింతచిగురు వేసిన బచ్చలికూర మింగుడుపడలేదు. పూతన విషం తాగిన కృష్ణుణ్ణే దీన్ని ఒక ముద్ద మింగి చూపమని సవాలు చేశాడు. మరో చాటువులో రసికుడైనవాడు పల్నాడు పోడని తేల్చేశాడు. కారణం ఏమిటంటే అక్కడ రాజైనా దున్నాల్సిందే, మన్మథుడైనా జొన్నకూడే తినాల్సిందే, రంభ అయినా ఏకులు వడకాల్సిందే.

ఈ చాటువుని మనకి చమత్కారంగా పాఠం చెప్పారు. నేను దీన్ని ఒక సాక్ష్యంగా చదువుతున్నాను. కవి కళ్లకి విసుగు కలిగించిన దృశ్యం ఏది? పనిచేస్తున్న ఆడది. అందం చూద్దామని వచ్చినవాడికి రాట్నం కనిపించింది. అతని దృష్టిలో ఏకులు వడికే రంభ రంభ కాకుండా పోయింది. ఆ చాటువు ఎవరు రాసినా, ఎప్పుడు రాసినా, ఈ నేలమీద ఆడవాళ్ల శ్రమ లేకుండా పూట గడవదన్న నిజం ఎగతాళి రూపంలోనైనా అందులో నమోదయింది. ఇంకో విశేషం కూడా ఉంది. శ్రీనాథుడి గురించిన కథల్లో ఆయన భోగి, చేతికి ఎముక లేనివాడు. చివరి రోజుల్లో బొడ్డుపల్లి గుత్తకి తీసుకుని శిస్తు కట్టలేక అవమానపడ్డాడని మరో చాటువు చెబుతుంది. ఆ దుబారాని మన సాహిత్య చరిత్ర ఎంతో ప్రేమగా, కొంత కన్నీటితో చెప్పుకుంది. ఖర్చుచేసిన మగవాడు విషాద నాయకుడు. మిగిల్చిన ఆడది పీనాసి. ఈ తూకం మనం ఎప్పుడు సరిచూసుకుంటాం?

పౌరుషం బొమ్మలోనూ ఇదే ప్రశ్న ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. అది నిజంగా గొప్ప విషయం. కారెంపూడిలో కార్తీకమాసపు వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ జ్ఞాపకాన్ని నిలుపుకుంటున్నారు. పెట్టిన చెయ్యి పేరు మనకి తెలుసు. ఆ గింజలు చెరిగి, దంచి, ఉన్నదాన్ని అందరికీ సరిపోయేలా కొలిచిన చేతుల పేర్లు వీరగాథలో లేవు. దాతృత్వం పంక్తిలో కనిపిస్తుంది. పొదుపు వంటింట్లో ఉండిపోతుంది.

మా అమ్మమ్మది గురజాల వైపు మెట్ట ఊరు. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ కింద ఊళ్లు వరన్నానికి మారాయి. కాలువకి ఎగువన ఉన్న మా అమ్మమ్మ వాళ్ల ఊరికి ఆ నీళ్లు ఎక్కలేదు. అక్కడ చాలాకాలం జొన్నే. వరన్నం పండక్కి, చుట్టాలకి, జొరం వచ్చినవాళ్లకి. ఆ ఇంట్లో అమ్మమ్మ చేసిన పొదుపు పద్ధతులు ఒక శాస్త్రం. పొయ్యిమీదికి గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. అగ్గిపుల్ల గీయకుండా పక్కింటినుంచి నిప్పు తెచ్చుకునేది. భోజనాలయ్యాక దీపం వత్తి కిందికి దించేది. గోంగూర పచ్చడి మూడు నెలలు వస్తుందనుకుంటే నాలుగు నెలలు లాగేది. ఊళ్లో ఆమెకి 'పీనాసి ముసలిది' అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లలో ఆమె వండింది తిన్నవాళ్లే ఎక్కువ.

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు దేశమంతటా ఆడవాళ్లు పోపుల డబ్బాల్లోంచి, చీరల మడతల్లోంచి డబ్బు బయటికి తియ్యాల్సి వచ్చింది. మొగుడికీ, కొడుకులకీ తెలియకుండా దాచుకున్నది ఒక్క రాత్రిలో అందరికీ తెలిసిపోయింది. ఆర్థిక శాస్త్రం దాన్ని నల్లధనం, తెల్లధనం అని విడదీసింది గానీ, ఈ డబ్బుది ఏ రంగో ఎవరూ చెప్పలేదు. మా అమ్మమ్మ బియ్యం డబ్బా అడుగునుంచి ముప్పై ఎనిమిది వేలు తీసింది. అన్నీ అయిదొందల నోట్లు, మిరపకాయల ఘాటు కొడుతూ. మామయ్య నవ్వుతూ "ఏందమ్మా ఇది, ఇంత పీనాసిదానివా నువ్వు!" అన్నాడు. ఆమెకి బ్యాంకులో ఖాతా లేదు. డబ్బు మామయ్య ఖాతాలో పడింది, తర్వాత ట్రాక్టరు వాయిదాల్లో కలిసిపోయింది. ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. ఒకే ఒక్క మాట అన్నది. "పీనాసిదాన్నయితే నా దగ్గరే ఉండాలిగదరా, మీ దగ్గరకి ఎట్టొచ్చింది?"

నేను చదివిన నిఘంటువులన్నిటికంటే ఆ మాట స్పష్టంగా ఉంది. లోభం అంటే తనది తాను ఇవ్వకపోవడం. ఇవ్వకుండా ఉండగలగాలంటే ముందు అది తనది కావాలి. తనది కానిదాన్ని కాపలా కాసే మనిషిని లోభి అనడం భాషలోనే తప్పు. మనుస్మృతి అయిదో అధ్యాయం ఇల్లాలు నవ్వుతూ ఉండాలని, ఇంటిపనిలో నేర్పరి కావాలని, ఖర్చు దగ్గర చెయ్యి విప్పకూడదని శాసిస్తుంది. ఎనిమిదో అధ్యాయం భార్యకి సొంత ధనం లేదని, ఆమె సంపాదించింది ఆమె ఎవరిదో వాడిదేనని చెబుతుంది. ఈ రెండిటినీ కలిపి చదవాలి. పొదుపు ఆమె విధి, పోగైంది అతని ఆస్తి. విధిని సరిగ్గా నిర్వర్తించినందుకు ఆమెకి దక్కే బిరుదు పీనాసి. విమల 'వంటిల్లు' కవిత వంటింటి గిన్నెల మీద ఎవరి పేరుంటుందని ఏనాడో అడిగింది. గిన్నెల మీద పేరు లేనిదానికి గిన్నెలో మిగిలినదాని మీద హక్కెక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చినప్పుడు కూడా, అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకి అది వర్తించలేదు. మా అమ్మమ్మ తరం మొత్తం ఆ గీతకి అవతలే ఉండిపోయింది.

అయితే ఇక్కడితో ఆగిపోతే ఈ విశ్లేషణ సగమే అవుతుంది. అమ్మమ్మ చేతిలో అధికారం ఉన్న చోటు కూడా ఒకటుంది. మిరప కోతలకి, పత్తి తీతలకి వచ్చిన ఆడకూలీలకి గింజలు కొలిచేటప్పుడు ఆమె మానిక మీద అరచెయ్యి అడ్డంగా గీసి, పైన నిలిచిన గింజలన్నీ వెనక్కి లాక్కునేదని మా అమ్మ చెబుతుంది. ఆ కూలీలు ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్లకి రావాల్సిన గుప్పెడు గింజలు ఆపే అధికారం ఆమెకి కులం ఇచ్చింది, భూమి ఇచ్చింది. అక్కడ 'పిసినారితనం' అనే మాట అచ్చంగా సరిపోతుంది. ఆ మాట కూడా చాలదు, అది కూలి దోపిడీ. ఇంట్లో లేని యాజమాన్యం కళ్లంలో ఆమెకి ఉంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' లాంటి సంకలనాలు చదివాక, స్త్రీల పొదుపుని ఏకమొత్తంగా త్యాగం అని కీర్తించడం మనకి సాధ్యం కాదు. ఎవరి ఆకలిని పొదుపు చేశారు అన్నది ప్రతిసారీ అడగాల్సిందే. తన ముద్ద తగ్గించుకోవడం ఒకటి, పక్కవాళ్ల ముద్ద తగ్గించడం ఇంకొకటి. ఒకే మనిషి ఒకే రోజు ఈ రెండూ చెయ్యగలదు.

ఈ గీటురాయిని ప్రభుత్వానికి కూడా పెట్టి చూడాలి. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మొగుళ్ల దుబారా మీద ఆడవాళ్లు చేసిన తిరుగుబాటు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం మిగిల్చిన ఉత్సాహం రోజుకో రూపాయి దాచే 'పొదుపులక్ష్మి' సంఘాలుగా మళ్లింది. పొదుపు సంఘాలు ఆడవాళ్లకి బ్యాంకు గడప ఎక్కే ధైర్యాన్నిచ్చాయి, ఒకరింటికొకరు వెళ్లే వీలునిచ్చాయి, కాదనలేం. కానీ సారాని ప్రశ్నించిన గొంతుని రూపాయి లెక్కల్లోకి మళ్లించింది కూడా అదే. అప్పుల కంపెనీల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందంటే, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆడవాళ్లకి పొదుపు నేర్పించాలనే ఆలోచనలోనే ఒక వింత ఉంది. పిడికెడు గింజలు పక్కకి తీసిపెట్టే చేతులకి పొదుపు నేర్పేదేముంటుంది? వాళ్లకి లేనిది పొదుపు గుణం కాదు, పొదుపు చెయ్యడానికి తగిన కూలి.

బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకి 2009లో కేంద్రం నిర్ణయించిన 'గౌరవ వేతనం' నెలకి వెయ్యి రూపాయలు. జీతం అంటే హక్కవుతుంది కాబట్టి గౌరవం అన్నారు. చాపకూడు వండిన చేతులకి పేరు లేనట్టే, ఈ చేతులకి జీతం లేదు. ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోవడమే లోభమైతే, ఆ మాట ఎవరికి చెందుతుందో వేరే చెప్పక్కర్లేదు. విచిత్రమేమిటంటే ప్రభుత్వం ఇలా చేస్తే దాన్ని ఎవరూ పిసినారితనం అనరు, ఆర్థిక క్రమశిక్షణ అంటారు. గైడుగారి మార్జిన్ లోని 'పార్సిమనీ' లాగే అదీ ఒక మర్యాదపూర్వకమైన మాట.

విమర్శకులుగా మనం చెయ్యాల్సిన పని ఇక్కడ చాలా ఉందనుకుంటాను. తెలుగు కథల్లో, నవలల్లో గయ్యాళి అత్తలు, పీనాసి అమ్మమ్మలు, పైసా పైసా లెక్క కట్టే వదినలు లెక్కలేనంతమంది ఉన్నారు. వాళ్లని మళ్లీ చదవాలి. చదివేటప్పుడు రెండు ప్రశ్నలు దగ్గరుంచుకుంటే చాలు. ఆమె ఆపుతున్నది ఎవరి సొత్తు? ఆపడం వల్ల ఖాళీ అయిన కంచం ఎవరిది? మొదటి ప్రశ్నకి జవాబు 'ఆమెది కాదు' అయితే ఆ పాత్రకి రచయిత అన్యాయం చేశాడు. రెండో ప్రశ్నకి జవాబు 'ఇంకో స్త్రీది' అయితే మనం ఆ పాత్రని వెనకేసుకురాలేం. చాలాచోట్ల రెండు జవాబులూ ఒకేసారి నిజమవుతాయి, అక్కడే అసలు విమర్శ మొదలవుతుంది.

పార్సిమనీకి సరైన తెలుగు మాట నాకింకా దొరకలేదు. మా వైపు ఆడవాళ్లు తాము చేసే పనిని పొదుపు అని కూడా అనరు. 'ఎత్తిపెట్టడం' అంటారు. రేపటికి ఎత్తిపెట్టాను, పిల్లలకి ఎత్తిపెట్టాను, పండక్కి ఎత్తిపెట్టాను అంటారు. నాకోసం ఎత్తిపెట్టుకున్నాను అనే వాక్యం ఆ నోళ్లలో నేను విన్నది చాలా తక్కువ. ఆ వాక్యం మామూలుగా, సిగ్గుపడకుండా వినిపించే రోజున పీనాసి అనే మాటని నిజంగా అర్హత ఉన్నవాళ్లకే వాడుకోవచ్చు.